కొడుకు చేతికి పగ్గాలివ్వని కార్ల సామ్రాట్టు

భారతదేశంలో కార్ల తయారీని నిలిపివేస్తున్నట్టు ఫోర్డ్ మోటార్ కంపెనీ 2021 సెప్టెంబరులో ప్రకటించినప్పుడు, ఆ సంస్థ ఈ దేశాన్ని వదిలిపెట్టడం అది రెండోసారి అన్న సంగతి చాలామందికి స్ఫురించలేదు. కెనడాలోని తన అనుబంధ సంస్థ ద్వారా ఫోర్డ్ 1926లోనే ఇక్కడ అడుగుపెట్టింది. స్వాతంత్య్రానంతరం, విదేశాల నుంచి విడిభాగాలు తెచ్చి బిగించి అమ్మే సంస్థలకు ప్రభుత్వ విధానం ప్రతికూలంగా మారడంతో 1950ల తొలినాళ్లలో మూటాముల్లె సర్దుకుంది. ఆర్థిక సంస్కరణల పుణ్యమా అని 1995లో మహీంద్రా భాగస్వామ్యంతో మద్రాసు సమీపంలోని మరైమలైనగర్‌కు తిరిగి వచ్చింది. ఇన్ని దేశాల్లో ఇన్నిసార్లు జెండా ఎగరేసి దించిన ఈ సంస్థ, నిజానికి 1940లలో స్వదేశంలోనే కుప్పకూలే స్థితికి చేరింది. అందుకు కారకుడు బయటి శత్రువు కాదు, దాన్ని స్థాపించిన హెన్రీ ఫోర్డే.

ఆయన 1863 జూలై 30న, అమెరికా అంతర్యుద్ధంలో మునిగి ఉన్న కాలంలో, మిషిగన్ రాష్ట్రంలోని డియర్‌బర్న్ సమీపాన ఒక రైతు కుటుంబంలో జన్మించాడు. తండ్రి విలియం ఐర్లండ్ నుంచి వలస వచ్చినవాడు. కొడుకు తన వెనుక సేద్యం చూసుకోవాలని ఆయన కోరిక. హెన్రీకి పొలం పనంటే వెగటు, యంత్రమంటే ప్రాణం. ఇరుగుపొరుగుల గడియారాలు విప్పి బాగుచేసేవాడు. పదమూడో ఏట, గుర్రాలు లేకుండా తనంతట తాను బాటమీద కదిలి వస్తున్న ఆవిరి యంత్రాన్ని చూసిన క్షణం జీవితాంతం ఆయన కళ్లలో నిలిచిపోయింది. తల్లి కన్నుమూసింది కూడా ఆ ఏడాదే. 1879లో ఇల్లు వదిలి డెట్రాయిట్ చేరి యంత్రశాలలో పని నేర్చుకున్నాడు. కలప చెట్లున్న భూమి ఇచ్చి తండ్రి మళ్లీ వెనక్కి రప్పించాడు. 1888లో క్లారాను వివాహమాడి ఆ భూమిలో రంపపు మిల్లు నడిపిన హెన్రీ, కలప అయిపోగానే 1891లో తిరిగి నగరానికే వెళ్లి ఎడిసన్ విద్యుత్ సంస్థలో ఇంజనీరుగా చేరాడు.

ఇంటి వెనుక షెడ్డులో రాత్రుళ్లు శ్రమించి, నాలుగు సైకిలు చక్రాల మీద పెట్రోలు ఇంజను బిగించిన బండిని ఆయన 1896 జూన్ 4 తెల్లవారుజామున సిద్ధం చేశాడు. తీరా చూస్తే బండి కంటె షెడ్డు తలుపు చిన్నది! గొడ్డలి తీసుకుని గోడ ఇటుకలు పగలగొట్టి బండిని వీధిలోకి తెచ్చాడు. దారికి అడ్డు వచ్చిన గోడను పగలగొట్టడం ఆయనకు తర్వాత కూడా అలవాటుగానే ఉండిపోయింది.

మొదట పెట్టిన కంపెనీ 1901లో మూతపడింది. రెండోదాని నుంచి పెట్టుబడిదారులతో పొసగక 1902లో బయటికి వచ్చాడు. ఆ రెండో కంపెనీని హెన్రీ లీలాండ్ అనే నిపుణుడు చక్కదిద్దగా అదే కాడిలాక్ అయింది. ఇరవై ఏళ్ల తర్వాత ఆ లీలాండే స్థాపించిన లింకన్ కంపెనీ దివాలా అంచుకు చేరగా ఫోర్డ్ దాన్ని 80 లక్షల డాలర్లకు కొన్నాడు. కొద్ది నెలల్లోనే లీలాండ్ తన సొంత కర్మాగారం వదిలి వెళ్లవలసి వచ్చింది. పాత లెక్కలు మరచిపోయే మనిషి కాడు ఫోర్డ్.

మూడో ప్రయత్నమే ఫోర్డ్ మోటార్ కంపెనీ. బొగ్గు వ్యాపారి మాల్కంసన్, డాడ్జ్ సోదరులు, లెక్కల్లో దిట్ట అయిన జేమ్స్ కజెన్స్ తదితరులు కలిసి 1903 జూన్ 16న 28 వేల డాలర్ల నగదుతో దాన్ని ప్రారంభించారు. ధనికుల విలాస వస్తువుగా ఉన్న కారును సామాన్యుడి వాకిట్లోకి తేవాలన్నది ఫోర్డ్ పట్టుదల. వాటాదారులు కొందరు ఖరీదైన కార్లు చేద్దామన్నా ఆయన వినలేదు. 1908 అక్టోబరులో మోడల్ టి వచ్చింది. తేలికైన, గట్టిదైన వెనేడియం ఉక్కుతో చేసిన బండి అది. బురద బాటల్లో కూరుకుపోకుండా నేలకు ఎత్తుగా ఉండేది. రైతులు వెనుక చక్రాన్ని పైకెత్తి, పట్టా తగిలించి నీళ్లు తోడుకోవడానికి, కలప కోసుకోవడానికి కూడా వాడుకున్నారు. తొలినాడు 850 డాలర్లున్న ధర 1920ల మధ్యకు 300 డాలర్ల లోపుకు దిగింది.

ధర అంతగా దిగడానికి కారణం హైలాండ్ పార్క్ కర్మాగారంలో 1913లో మొదలైన కదిలే కూర్పు వరుస. షికాగో కబేళాల్లో కొక్కేలకు వేలాడుతూ సాగే మాంసాన్ని ఒక్కొక్కరు ఒక్కో ముక్క కోసే పద్ధతిని ఇక్కడ తిరగేశారు. అక్కడ విడగొట్టడం, ఇక్కడ బిగించడం. మనిషి కదలడు, పనే అతని ముందుకు కదిలి వస్తుంది. ఒక చాసిస్ బిగించడానికి అంతకుముందు పన్నెండున్నర గంటలు పట్టేది. 1914 నాటికి 93 నిమిషాలు చాలింది.

యంత్రం దారికి వచ్చింది గాని మనిషి రాలేదు. రోజంతా ఒకే మర బిగించే చాకిరీ భరించలేక కార్మికులు పారిపోయేవారు. 14 వేల మంది పనివారిని నిలుపుకోవడానికి 1913లో 50 వేల మందికి పైగా కొత్తవారిని చేర్చుకోవలసి వచ్చింది. ఆ పరిస్థితిలో 1914 జనవరి 5న ఫోర్డ్ రోజు కూలీని దాదాపు రెట్టింపు చేసి అయిదు డాలర్లుగా ప్రకటించాడు. పని గంటలను తొమ్మిది నుంచి ఎనిమిదికి తగ్గించాడు. దేశమంతా నివ్వెరపోయింది. గడ్డకట్టే చలిలో కర్మాగారం ముందు పోగైన వేలాది నిరుద్యోగులను నీటి గొట్టాలతో చెదరగొట్టవలసి వచ్చింది. దీన్ని దాతృత్వంగా కీర్తించినవారు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. లెక్క చూస్తే అది పనివాణ్ణి నిలుపుకునే బేరం. పైగా షరతులు లేకపోలేదు. కార్మికుడు తాగుతున్నాడా, ఇల్లు శుభ్రంగా ఉందా, పొదుపు చేస్తున్నాడా అని విచారించడానికి కంపెనీ మనుషులు ఇళ్లకు వచ్చేవారు. అయినా, కారు బిగించేవాడే కారు కొనుక్కోగలిగిన రోజు దాంతోనే వచ్చిందన్నది కాదనలేని సత్యం.

లాభాలు పంచకుండా విస్తరణకూ ధరల తగ్గింపుకూ మళ్లిస్తున్నాడని డాడ్జ్ సోదరులు కోర్టుకెక్కారు. 1919లో మిషిగన్ సుప్రీంకోర్టు ఫోర్డ్ చేత 1 కోటి 90 లక్షల డాలర్లకు పైగా డివిడెండు ఇప్పించింది. ఇకపై ఎవరికీ జవాబు చెప్పే అవసరం ఉండకూడదని నిశ్చయించుకున్న ఆయన, తాను వేరే కంపెనీ పెడుతున్నానని పుకారు పుట్టించి వాటాదారులను బెదరగొట్టి, సుమారు 10 కోట్ల 60 లక్షల డాలర్లకు అందరి వాటాలూ కొనేశాడు. అంత పెద్ద సంస్థ ఒక్క కుటుంబం గుప్పిట్లోకి వచ్చింది. అసలు కథ, అసలు విషాదం అక్కడి నుంచి మొదలవుతాయి.

అధ్యక్ష పదవి ఏకైక కుమారుడు ఎడ్సెల్‌కు దక్కింది. అప్పటికి అతని వయస్సు పాతికేళ్లు. సౌమ్యుడు, చిత్రకళాభిమాని, కారు రూపురేఖల మీద చక్కని అభిరుచి ఉన్నవాడు. పదవి అతనిది, పెత్తనం తండ్రిది. తన తండ్రి మాట కాదని పొలం వదిలి వెళ్లిన హెన్రీ, తన కొడుకుకు మాత్రం ఆ పాటి స్వేచ్ఛ ఇవ్వలేదు. ఎడ్సెల్ ఆదేశాలను తండ్రి నలుగురిలో రద్దు చేయడం మామూలైంది.

ప్రపంచం మారుతోంది. ఆల్‌ఫ్రెడ్ స్లోన్ నాయకత్వంలోని జనరల్ మోటార్స్ రంగులు, సౌకర్యాలు, వాయిదాల పద్ధతి చూపి కొనుగోలుదారులను ఆకర్షిస్తోంది. ఫోర్డ్ దగ్గర మనసు విరిగి 1921లో వెళ్లిపోయిన విలియం నుడ్సెన్ అక్కడ షెవ్రొలే విభాగాన్ని దూకించాడు. హెన్రీ ఫోర్డ్ మాత్రం తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లన్నాడు. మోడల్ టి ఉండగా వేరే కారెందుకన్నది ఆయన వాదం. 1914 నుంచి పన్నెండేళ్ల పాటు దానికి నలుపు తప్ప మరో రంగు కూడా వేయనివ్వలేదు. కొత్త నమూనా అవసరమని 1926 జనవరిలో వినయంగా నివేదిక రాసిన ఎర్నెస్ట్ కాంజ్లర్ ఆరు నెలలైనా గడవకముందే ఉద్యోగం పోగొట్టుకున్నాడు. కాంజ్లర్ మరెవరో కాదు, ఎడ్సెల్ తోడల్లుడు.

చివరికి అమ్మకాలే ఆయన మెడలు వంచాయి. 1927 మే 26న కోటి యాభై లక్షలవ మోడల్ టి కర్మాగారం నుంచి బయటికి వచ్చింది. దాన్ని నడిపింది ఎడ్సెల్, పక్కన కూర్చున్నది హెన్రీ. ఆ తయారీ అంతటితో ఆగింది. కొత్త కారు సిద్ధంగా లేకపోవడంతో కర్మాగారాలు నెలల తరబడి మూతపడి వేలాది కుటుంబాలు వీధిన పడ్డాయి. డిసెంబరులో వచ్చిన మోడల్ ఎ కంపెనీని గట్టెక్కించింది. దాని సొగసు ఎడ్సెల్ చలవే. కానీ శాశ్వతంగా చేజారిన అగ్రస్థానం మళ్లీ నిలకడగా దక్కలేదు.

ఈ మధ్యకాలంలో ఫోర్డ్ పేరుకు చెరగని మచ్చ కూడా అంటింది. తన సొంత వారపత్రికలో 1920 నుంచి యూదుల మీద విషం చిమ్మే వ్యాసాలు ప్రచురింపజేశాడు. అవి పుస్తకాలుగా జర్మనీకి చేరి నాజీలకు ప్రీతిపాత్రమయ్యాయి. పరువు నష్టం దావా తరుముకురాగా 1927లో క్షమాపణ చెప్పి పత్రిక మూసేశాడు. అయినా 1938లో హిట్లర్ ప్రభుత్వం ఇచ్చిన పతకాన్ని స్వీకరించడానికి వెనుదీయలేదు.

ఒకనాడు కార్మిక మిత్రుడనిపించుకున్న ఈయన, సంఘం పేరెత్తితే మండిపడేవాడు. హారీ బెన్నెట్ అనే మాజీ నావికుడి చేతికి కర్మాగారం కాపలాతోపాటు కొరడా కూడా ఇచ్చాడు. 1932 మార్చి 7న పని కోసం ఊరేగింపుగా వచ్చిన నిరుద్యోగుల మీద కాల్పులు జరిగి నలుగురు అక్కడే మరణించారు. 1937 మే 26న కరపత్రాలు పంచడానికి వచ్చిన కార్మిక నాయకుడు వాల్టర్ రూథర్‌ను బెన్నెట్ మనుషులు చావబాదుతుంటే పత్రికల ఛాయాచిత్రకారులు ఫొటోలు తీశారు. మిగిలిన పెద్ద కంపెనీలన్నీ సంఘాన్ని గుర్తించాక, సమ్మె జరిగాక, 1941లో గాని ఫోర్డ్ ఒప్పందం మీద సంతకం చేయలేదు. రాజీ పడాలని మొదటి నుంచీ ప్రాధేయపడినవాడు ఎడ్సెల్. ఆయన మాట కంటె బెన్నెట్ మాటకే ఆ ఇంట్లో విలువ.

ఆ 1941లోనే ఫోర్డ్‌కు భారతదేశంతో ఒక విచిత్రమైన బంధం ఏర్పడింది. యుద్ధమంటే గిట్టని ఆయన గాంధీజీ పట్ల తన ఆదరాన్ని తెలుపుతూ లేఖ రాశాడు. ప్రతిగా గాంధీజీ తన సంతకం చేసిన చరఖాను పంపారు. కోటిన్నర కార్లను కూర్పు వరుసమీద పరుగెత్తించిన మనిషి చేతికి చేతితో నూలు వడికే చరఖా చేరడం వింతే. అయితే తన కార్లు తుడిచిపెట్టిన పాత పల్లె జీవితం మీద ఫోర్డ్‌కు మమకారం మిగిలే ఉంది. పాత ఇళ్లు, కమ్మరి కొలుములు కొనితెచ్చి డియర్‌బర్న్‌లో ఒక ప్రదర్శన గ్రామాన్నే కట్టించుకున్నాడు.

కడుపులో క్యాన్సర్ ముదిరి ఎడ్సెల్ 1943 మే 26న, యాభై ఏళ్లయినా నిండకుండా కన్నుమూశాడు. సరిగ్గా పదహారేళ్ల క్రితం అదే తేదీన అతడు చివరి తరం మోడల్ టి నడిపాడు. ఎనభై ఏళ్లకు చేరువైన హెన్రీ, అప్పటికే పక్షవాతంతో జ్ఞాపకం సడలినా, అధ్యక్ష పీఠమెక్కి కూర్చున్నాడు. బాంబర్ విమానాలు తయారుచేస్తున్న సంస్థ ఏమవుతుందోనని కలవరపడిన ప్రభుత్వం ఎడ్సెల్ పెద్ద కుమారుడు రెండో హెన్రీని నౌకాదళం నుంచి విడుదల చేసి ఇంటికి పంపింది. అయినా తాత దిగలేదు. తన వాటాలు బయటివారికి అమ్మేస్తానని కోడలు ఎలినార్ బెదిరించాక, భార్య క్లారా కూడా కోడలి పక్షం వహించాక, 1945 సెప్టెంబరు 21న మనుమడికి పగ్గాలు అప్పగించాడు. కొత్త అధ్యక్షుడు చేసిన మొదటి పని బెన్నెట్‌ను సాగనంపడం. అప్పటికి కంపెనీ నెల నెలా కోట్ల డాలర్లు నష్టపోతోంది.

హెన్రీ ఫోర్డ్ 1947 ఏప్రిల్ 7 రాత్రి డియర్‌బర్న్‌లోని స్వగృహంలో మరణించాడు. రూజ్ నదికి వరదలు వచ్చి ఇంటికి కరెంటు పోయింది. ఒకప్పుడు విద్యుత్ సంస్థలో ఇంజనీరుగా పనిచేసిన ఆయన కొవ్వొత్తుల వెలుతురులో కన్నుమూశాడు. వారసత్వ పన్ను నుంచి కంపెనీని కాపాడుకోవడానికి కుటుంబ వాటాల్లో అత్యధిక భాగం, 1936లో ఎడ్సెల్ 25 వేల డాలర్లతో స్థాపించిన ఫోర్డ్ ఫౌండేషన్‌కు వెళ్లింది. ఓటు హక్కున్న వాటాలు మాత్రం కుటుంబం చేతిలోనే మిగిలాయి. ఆ ఫౌండేషన్ నెహ్రూ ఆహ్వానంపై 1952లో ఢిల్లీలో విదేశాల్లోకెల్లా తన తొలి కార్యాలయం తెరిచింది. 1960-61లో విత్తనాలు, ఎరువులు, రుణం కలిపి రైతుకు అందించే ప్యాకేజీ కార్యక్రమానికి దేశంలో మొదట ఎంపికైన ఏడు జిల్లాల్లో ఆంధ్రప్రదేశ్ నుంచి పశ్చిమ గోదావరి ఒకటి. సేద్యమంటే గిట్టక ఇల్లు విడిచిన ఫోర్డ్ డబ్బులో కొంత అలా గోదావరి వరి మడుల దాకా వచ్చింది.