ఊరి రూపాన్ని బొమ్మల్లో నిలిపిన దామెర్ల

రాజమండ్రి: చిత్రకారుడు దామెర్ల రామారావు 1897లో ఇక్కడే జన్మించారు. ఆర్ట్స్ కళాశాల ప్రిన్సిపాల్ కూల్డ్రే దొర ఆయన చేతి నేర్పు గుర్తించి ప్రోత్సహించగా, 1916లో బొంబాయి జె.జె. స్కూలులో చేరారు. చదువు ముగిశాక గోదావరి ఒడ్డుకే తిరిగివచ్చి, ఇక్కడ చిత్రకళాశాల నెలకొల్పి యువకులకు బొమ్మలు నేర్పారు. దూరాన నేర్చిన విద్యతో ఆయన గీసినది గోదావరిని, కొండలను, తెలుగు స్త్రీల కట్టుబొట్టును. 1925లో మశూచి సోకి 28వ ఏట కన్నుమూశారు. మిత్రులు, శిష్యులు ఆ చిత్రాలను భద్రపరిచారు. రాజమండ్రిలో ఆయన పేర చిత్రశాల ఉన్నది. బతుకుతెరువుకు హైదరాబాదుకో, గల్ఫుకో పోయిన మన జిల్లావారు సెలవులకు వచ్చినపుడు పిల్లలను అక్కడికి తీసుకువెళితే, తమది ఏ సీమో వారు కళ్లారా చూస్తారు.