కంపైలర్ వేగానికి అడ్డుచెప్పిన సీ సృష్టికర్త

సీ లాంగ్వేజ్‌లో పాయింటర్లంటే చాలామంది విద్యార్థులకు భయం. ఆ భాషను తయారుచేసిన డెన్నిస్ రిచీ కూడా పాయింటర్ల కోసమే ఒకసారి గట్టిగా పోట్లాడాల్సి వచ్చింది.

రిచీ 1941 సెప్టెంబరు 9న న్యూయార్క్ రాష్ట్రంలో పుట్టారు. హార్వర్డ్‌లో ఫిజిక్స్ చదివి, తండ్రి పనిచేసిన బెల్ ల్యాబ్స్‌లోనే 1967లో చేరారు. అక్కడ కెన్ థాంప్సన్‌తో కలిసి యూనిక్స్‌ను తీర్చిదిద్దారు. థాంప్సన్ రాసిన 'బీ' భాషను పెంచి 'సీ'గా మార్చారు. 1973లో యూనిక్స్ కెర్నెల్‌ను సీలో తిరగరాశారు. 1983లో ఇద్దరికీ ట్యూరింగ్ అవార్డు వచ్చింది.

అదే ఏడాది సీకి ప్రమాణాలు రాయడానికి అమెరికాలో ఓ కమిటీ ఏర్పడింది. దాని ముందుకొచ్చిన చిక్కుల్లో ఒకటి ఎలియాసింగ్.

ఇంట్లో చిన్ని, సర్టిఫికెట్లలో లక్ష్మీప్రసన్న. పేర్లు రెండు, మనిషి ఒక్కరే. అలాగే మెమరీలో ఒకే చోటును రెండు పాయింటర్లు చూపించడమే ఎలియాసింగ్. 'పీ' ద్వారా 10 పెట్టాం, 'క్యూ' ద్వారా 20 పెట్టాం, మళ్లీ 'పీ' చదివాం. రెండూ ఒకే చోటైతే జవాబు 20, వేర్వేరైతే 10. ఏదో తెలియనప్పుడు కంపైలర్ పాత విలువను రిజిస్టర్‌లో ఉంచుకుని వాడలేదు. మళ్లీ మెమరీకి వెళ్లాల్సిందే. పెద్ద లూపుల్లో దీనివల్ల వేగం తగ్గుతుంది.

దీనికి మందుగా ప్రమాణాల ముసాయిదాలో 'నోఎలియాస్' అనే పదం చేర్చారు. ఈ చోటుకు ఇంకో దారి లేదని కంపైలర్‌కు ఇచ్చే హామీ అది. 1988లో రిచీ దాన్ని తీసేయాల్సిందేనంటూ కమిటీకి ఘాటుగా రాశారు. వాడుకలో ఉన్నదాన్ని ప్రమాణంగా రాయాల్సిన కమిటీ ఇలాంటిది తేవడం ఆయనకు నచ్చలేదు. దాని అండతో కంపైలర్ చేసే మార్పులు నిబంధనల ప్రకారం సరైనవే అయినా, మామూలుగా నడిచే ప్రోగ్రాముల్ని పాడుచేస్తాయన్నది ఆయన వాదన. కమిటీ వెనక్కి తగ్గింది. 1989 ప్రమాణంలో ఆ పదం లేదు.

అవసరం మాత్రం పోలేదు. పదేళ్ల తర్వాత, మరింత కచ్చితమైన నిర్వచనంతో 'రెస్ట్రిక్ట్' వచ్చింది. ఆ హామీ ఇచ్చి తప్పితే బాధ్యత కంపైలర్‌ది కాదు, మీదే.

రిచీ 2011 అక్టోబరులో, 70 ఏళ్ల వయసులో కన్నుమూశారు. ఆయన పోట్లాడిన సంగతి ఇంటర్వ్యూల్లో ఇప్పటికీ ఎదురవుతుంది. మెమ్‌కాపీకి, మెమ్‌మూవ్‌కి తేడా అడిగితే ఎలియాసింగ్‌తోనే మొదలుపెట్టండి. కాపీ చేసే రెండు భాగాలు ఒకదానిపై ఒకటి పడితే మెమ్‌మూవ్ సరిగ్గా పనిచేస్తుంది. మెమ్‌కాపీకి ఆ హామీ లేదు.