లెక్క రాసిపెట్టిన ఐడా

కులమనో, మతమనో, రంగనో ఒక మనిషిని మూకగా వచ్చి చంపేస్తారు. వాడేదో తప్పు చేసే ఉంటాడులే అని ఊరు సర్దుకుంటుంది. ఆ మాటలో నిజమెంతో వెళ్లి కనుక్కున్న ఒక స్త్రీ గురించి మీకు చెప్పాలనిపించింది నాకు.

ఐడా బి. వెల్స్ 1862లో అమెరికాలోని మిసిసిపీలో నల్లజాతి బానిసల ఇంట పుట్టింది. పదహారో ఏట అమ్మానాన్నలిద్దరూ విషజ్వరంతో పోతే, పంతులమ్మగా చేరి తమ్ముళ్లనూ చెల్లెళ్లనూ సాకింది. తర్వాత మెంఫిస్ నగరంలో ఒక పత్రికకు సంపాదకురాలయింది.

1892 మార్చిలో ఆమె స్నేహితుడు థామస్ మాస్‌నూ, అతని కిరాణా కొట్టులో పనిచేసే ఇద్దరినీ తెల్లవాళ్ల మూక జైల్లోంచి లాక్కెళ్లి కాల్చి చంపింది. పక్కనున్న తెల్లవాడి కొట్టుకు బేరాలు తగ్గాయన్న కడుపుమంటే ఆ గొడవకు మూలం. ఒక్కరికీ శిక్ష పడలేదు.

ఇలా చచ్చేవాళ్లంతా ఆడవాళ్లను చెరిచినవాళ్లేనని అప్పట్లో ప్రచారం. మాస్ ఎలాంటివాడో ఐడాకు తెలుసు. అందుకే మిగతా హత్యల సంగతీ ఆరా తీసింది. తెల్లవాళ్ల పత్రికల్లో వచ్చిన వార్తలనే పోగుచేసింది. తేదీ, ఊరు, పేరు, మోపిన నేరం వరసగా రాసింది. చూస్తే, మూడోవంతు మందిమీదే ఆ నింద! అదీ నిరూపణ కాని నిందే.

ఆ మే నెలలో ఆమె ఊళ్లో లేనప్పుడు పత్రికాఫీసును ధ్వంసం చేశారు. తిరిగొస్తే చంపుతామన్నారు. అయినా ఆమె కలం ఆగలేదు. 1895లో పెళ్లయ్యాక చంటిపిల్లాణ్ణి వెంటబెట్టుకుని మరీ సభలకు వెళ్లింది. 1931లో కన్నుమూసింది. మూకహత్యను ప్రత్యేక నేరంగా గుర్తించే చట్టం అమెరికా దేశమంతటికీ 2022లో గానీ రాలేదు.

ఐడా లెక్క రాసేనాటికి అలాంటి చట్టమేదీ లేదు. మనకు, దళితుల, గిరిజనుల మీద అత్యాచారాల్ని అరికట్టేందుకు 1989 నాటి చట్టం ఉంది. ఎవరిమీద దాడి జరిగినా ఏ పోలీస్ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు ఇవ్వొచ్చు. దాన్నే జీరో ఎఫ్‌ఐఆర్ అంటారు. చదువు రాకపోతే నోటితో చెప్పొచ్చు. వాళ్లు రాసుకుని, చదివి వినిపించి, కాపీ ఉచితంగా ఇవ్వాలి. తీసుకోకపోతే ఎస్పీకి పోస్టులో పంపండి. దళితులకు, గిరిజనులకు 14566 హెల్ప్‌లైన్ కూడా ఉంది.

ముందు మాత్రం ఐడాలాగే తేదీ, చోటు, పేర్లు, వాళ్లన్న మాటలు, చూసిన సాక్షులు, అన్నీ ఆ రోజే కాగితంమీద పెట్టండి. రేపు ఎవరైనా అసలేం జరగలేదని బుకాయిస్తే, ఆ కాగితమే మాట్లాడుతుంది.