ఎల్మర్ కీత్: చేతిలోనే పేలిపోయిన రివాల్వర్.. '.44 మ్యాగ్నమ్' కథ మొదలైంది అక్కడే!

హాలీవుడ్ సినిమా 'డర్టీ హ్యారీ' చూసినవాళ్లకు క్లింట్ ఈస్ట్‌వుడ్ చేతిలోని ఆ పెద్ద రివాల్వర్ గుర్తుండే ఉంటుంది. 1971లో వచ్చిన ఆ సినిమాతో .44 మ్యాగ్నమ్ పేరు మారుమోగిపోయింది. అయితే ఈ తూటా కోసం ఏళ్ల తరబడి పట్టుబట్టింది పోలీసులు కాదు, ఫ్యాక్టరీ ఇంజినీర్లూ కాదు.. ఐడహో కొండల్లో పశువులు కాసిన ఓ కౌబాయ్. ఆయనే ఎల్మర్ కీత్.

ఇంతకీ ఎవరీ కీత్?

1899 మార్చి 8న అమెరికాలోని మిస్సోరీ రాష్ట్రం, హార్డిన్‌లో పుట్టారు. చిన్నతనంలో కుటుంబం మోంటానాకు వెళ్లింది. అక్కడ మిజూలాలో ఓ హోటల్‌లో జరిగిన అగ్నిప్రమాదంలో కీత్ ఒళ్లంతా కాలింది. ఎడమ చెయ్యి వంకరపోయింది. ఆ చేతిని తండ్రి చేతే విరగ్గొట్టించుకుని మళ్లీ సరిచేయించుకున్నానని ఆత్మకథలో రాసుకున్నారు. అలాంటి చేతులతోనే గుర్రాలెక్కారు, వేటాడారు, తూటాలు నింపారు.

తూటాలు నింపడమంటే.. వాడేసిన ఇత్తడి కేసులో కొత్త ప్రైమర్ బిగించి, మందు తూచి పోసి, పైన బుల్లెట్ కూర్చోబెట్టడం. దీన్నే హ్యాండ్‌లోడింగ్ అంటారు. మందును గ్రెయిన్లలో తూస్తారు. ఒక గ్రాముకు 15 గ్రెయిన్లకు పైనే. అంటే ఒకటి రెండు గ్రెయిన్ల తేడా కంటికి కనిపించదు. కానీ తుపాకీకి తెలుస్తుంది.

1925 జూలై 4.. ఏం జరిగింది?

అమెరికా స్వాతంత్ర్య దినోత్సవం. సంబరంగా గాల్లోకి కాల్పులు జరుపుతున్నారు కీత్. చేతిలో పాత .45 కోల్ట్ రివాల్వర్. తూటాల్లో నిండా నల్లమందు, పైన రైఫిల్‌కు వాడే బరువైన బుల్లెట్లు. ఒక్కసారిగా సిలిండర్ పైభాగం, దానిపై ఉండే పట్టీ ఎగిరిపోయాయి. సగం తుపాకీ మాత్రమే చేతిలో మిగిలింది. అదృష్టం బాగుండి ప్రాణాలతో బయటపడ్డారు.

వేరొకరైతే తూటాలు నింపడమే మానేసేవారేమో. కీత్ మాత్రం ఎందుకు పేలిందో వెతికారు. లెక్క సింపుల్. .45 తూటా లావు, కాబట్టి సిలిండర్‌లో దాని చుట్టూ ఉండే ఉక్కు గోడ పలచన. అదే సైజు రివాల్వర్‌లో .44 స్పెషల్ తూటా పెడితే గోడ మందం పెరుగుతుంది, ఒత్తిడిని తట్టుకుంటుంది. అంతే.. .44కు మారిపోయారు.

మందు ఒక్కటే కాదు..

బలం కావాలంటే మందు పెంచితే చాలదని కీత్‌కు అర్థమైంది. 1920ల చివర్లో తనే ఓ సీసపు బుల్లెట్ డిజైన్ చేశారు. బరువు సుమారు 250 గ్రెయిన్లు, ముక్కు చదును. గుండ్రటి ముక్కు కండను పక్కకు నెట్టుకుంటూ పోతే, చదును ముక్కు పూర్తి వెడల్పున రంధ్రం చేస్తుంది. జింక ఎక్కువసేపు యాతన పడకుండా త్వరగా పడిపోతుందన్నది ఆయన వాదన.

1930ల్లో హెర్క్యులీస్ కంపెనీ '2400' అనే మందును తెచ్చింది. ఇది నిదానంగా మండుతుంది. వేగంగా మండే మందు బుల్లెట్ కదలకముందే ఒత్తిడిని ఒక్కసారిగా పెంచేస్తుంది. నిదానంగా మండేది బ్యారెల్ పొడవునా బుల్లెట్‌ను తోస్తుంది. పైగా కేసును బాగా నింపుతుంది. పొరపాటున రెండుసార్లు పోస్తే పొంగి బయటపడుతుంది. వేగంగా మండే మందు కొంచెమే పోస్తారు కాబట్టి డబుల్ పడినా కేసులో దాక్కుంటుంది. ప్రాణాల మీదకు తెచ్చేది ఇదే!

రెండో ప్రపంచ యుద్ధంలో యూటాలోని ఆగ్డెన్ ఆర్సెనల్‌లో ఆయుధాల ఇన్‌స్పెక్టర్‌గా పనిచేసిన కీత్.. ఆ తర్వాత స్మిత్ అండ్ వెస్సన్, రెమింగ్టన్ కంపెనీల వెంటపడ్డారు. 250 గ్రెయిన్ల బుల్లెట్ సెకనుకు 1,200 అడుగుల వేగంతో వెళ్లాలన్నది ఆయన డిమాండ్. చివరికి 1955 చివర్లో తొలి .44 మ్యాగ్నమ్ తయారైంది. వేగం ఆయన అడిగినదానికంటే ఎక్కువే వచ్చింది. పాత .44 స్పెషల్ రివాల్వర్లలో ఎవరూ పెట్టకుండా కేసు పొడవును దాదాపు 3 మిల్లీమీటర్లు పెంచారు. ఎందుకో 1925 నాటి ఘటన తెలిసినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

వివాదాలూ తక్కువేం కాదు

తోటి వేటగాడి దెబ్బకు గాయపడి పారిపోతున్న జింకను 600 గజాల దూరం నుంచి రివాల్వర్‌తో కొట్టానని కీత్ చెబితే నమ్మినవాళ్లున్నారు, నవ్వినవాళ్లూ ఉన్నారు. తేలికైన, వేగమైన బుల్లెట్లే మేలన్న రచయిత జాక్ ఓ'కానర్‌తో ఆయన వైరం దశాబ్దాలు సాగింది.

1984 ఫిబ్రవరి 14న, 84 ఏళ్ల వయసులో కీత్ కన్నుమూశారు. ఆయన వాడిన మందు కొలతలు ఇప్పటి పరీక్షల ప్రకారం ఎక్కువే. నేటి మాన్యువళ్లు అంతకంటే తక్కువే సూచిస్తున్నాయి. తక్కువతో మొదలుపెట్టి కొద్దికొద్దిగా పెంచాలి, కాల్చిన కేసు సిలిండర్‌లో ఇరుక్కుంటే ఆగిపోవాలి. మాన్యువల్‌లో ఉన్న గరిష్ఠ కొలత దాటకూడదు. కీత్ అభిమానులు ఆయన టోపీని, చుట్టను, తుపాకీని గుర్తుచేసుకుంటారు. తూటాలు నింపేవాళ్లు మాత్రం ముందుగా గుర్తుచేసుకోవాల్సింది ఆయన చేతిలో మిగిలిన ఆ సగం కోల్ట్‌నే.