మూసారాముడైన రేమోఁ: పరాసు సేనాని చరితము, అక్షరవిచారము

హైదరాబాదు నగరమున మలకుపేట నుండి దిల్‌సుఖ్‌నగర్ మీదుగా ఎల్.బి.నగర్ వరకు సాగు మార్గమున మూసారాంబాగ్ అను పేట యొకటి కలదు. 2018 సెప్టెంబరు నెలలో ఈ మార్గమున మెట్రో రైలు నడువ నారంభించినది మొదలు ఆ పేరు ప్రతిదినమును ప్రయాణికుల చెవిని బడుచున్నది. వినినవారు మూసా యనగా ప్రవక్త పేరనియు, రామ్ అనగా దాశరథి యనియు, బాగ్ అనగా తోట యనియు విడదీసి, రెండు మతముల పొత్తుగా ఆ నామమును సంభావించుట కలదు. మూడవ పదము విషయమున ఆ యూహ సరియైనదే. మొదటి రెండు పదములు మాత్రము మూలమున అరబ్బీయు గావు, సంస్కృతమును గావు. పదునెనిమిదవ శతాబ్దమున నిజాము సేనలను నడిపిన యొక పరాసు సేనాని పేరు జనుల నోట పొందిన రూపములే యవి. ఆతని చరితమును, ఆతని పేరులోని అక్షరములను కలిపి పరిశీలించినగాని ఈ నామము తేటపడదు.

ఆ సేనాని మిషెల్ జోవాకిం మారీ రేమోఁ. ఆంగ్లేయుల ననుసరించి నేడు మనము రేమండ్ అని వ్రాయుచున్నాము. పరాసు పలుకుబడిలో చివరి డకారము వినబడదు. ఓకారము ముక్కుతో గూడి పలుకబడును. ఆ యనునాసికమును దెలుపుటకే ఇచ్చట అరసున్న వాడబడినది. రేమోఁ 1755లో ఫ్రాన్సు దేశపు నైరృతి భాగమున గల గాస్కొన్యు సీమలో, వర్తక కుటుంబమున జన్మించెను. 1775లో సోదరునితో గూడి వ్యాపారార్థము పుదుచ్చేరికి వచ్చెను. త్రాసు విడిచి కత్తి పట్టుటకు ఆతనికి ఎంతో కాలము పట్టలేదు. మైసూరు ప్రభువైన హైదరాలీ కొలువున గల పరాసు దళములలో కొంతకాలము పనిచేసెను. 1757 నాటి బొబ్బిలి యుద్ధము మూలమున తెలుగువారి కెఱుకపడిన బుస్సీ, వృద్ధాప్యమున 1783లో మరల ఈ దేశమునకు రాగా, రేమోఁ ఆతనికి అంగరక్షకాధికారి యయ్యెను. 1785లో బుస్సీ పుదుచ్చేరిలో మరణించిన పిమ్మట రేమోఁ హైదరాబాదు చేరి, రెండవ అసఫ్‌జాహీ ప్రభువైన నిజాం అలీఖాను కొలువున ప్రవేశించెను.

తొలుత ఆతని చేతిక్రింద నుండినది కొలదివందల మంది గల దళము. పదేండ్లు గడచుసరికి అది పదివేలకు పైబడిన సేన యయ్యెను. సిపాయిలకు ఐరోపా పద్ధతిలో కవాతు నేర్పుట, ఫిరంగులను తుపాకులను స్థానికముగనే పోతపోయించుట, జీతములు సకాలమున ముట్టునట్లు చూచుట అను మూడును ఆతని బలమునకు మూలములు. నేటి గన్‌ఫౌండ్రీ యను పేటకు ఆ పేరు దెచ్చిన తోప్‌కా సాంచా యను ఫిరంగుల కార్ఖానా ఆతని కాలము నాటిదే. 1795 మార్చిలో మరాఠులతో జరిగిన ఖర్దా యుద్ధమున నిజాము ఓడిపోయినను, రేమోఁ దళములు మాత్రము క్రమము దప్పక పోరాడినవని ఖ్యాతి కెక్కినవి. ఆ యేడే నిజాము కుమారుడైన ఆలీజాహు తిరుగుబాటు చేయగా దానిని అణచినవాడును రేమోఁయే. అజ్దర్‌జంగ్, ముతహవ్విరుల్‌ముల్క్ అను బిరుదులును, జాగీరును ఆతనికి లభించినవి.

దర్బారున బిరుదులు ఎన్ని యున్నను, జనులు వానిని పట్టించుకొనలేదు. ఆతని దళములలో గౌరవవాచకముతో గూడి వినవచ్చిన పేరు మాత్రమే వారి నోట నిలిచెను. పరాసు భాషలో పురుషులను గౌరవించి పిలుచు పదము వ్రాతలో ఎనిమిది వర్ణములు గలది. అందు చివరి రేఫ పలుకబడదు. నడిమి నకారము వినబడదు. మొదటి స్వరము మిక్కిలి తేలిక. కావున పలుకుబడిలో అది మ-స్యొ అను రెండక్షరములే. రెండవ యక్షరమునందలి స్వరము, పెదవులను గుండ్రముగా నుంచి ఏకారమును పలికినచో వచ్చునట్టిది. అది తెలుగునను ఉర్దూలోను లేదు. వినినవారు పెదవుల గుండ్రదనమును మొదటి యక్షరమున కెక్కించి మూ అనియు, మిగిలిన దానిని సా అనియు గ్రహించిరని తలపవచ్చును. బుస్సీని సైతము దేశభాషలలో మూసా బూసీ యని వ్యవహరించుటను బట్టి, మూసా యనునది రేమోఁ కొక్కనికే చెందినది కాదనియు, గౌరవవాచకమే యనియు స్థిరపడుచున్నది. ఇక రే-మోఁ అను రెండక్షరములలో రేఫ మకారములు చెక్కుచెదరక నిలువగా, స్వరములు మాత్రము జారి, ముసల్మానుల నోట రహీం అనియు, హిందువుల నోట రామ్ అనియు పరిణమించినవి. ఎవరికి పరిచితమైన పేరు వారు ఆ ధ్వనిలో వినిరి. ఈ రెండు రూపములలోను డకారము లేకపోవుట ముఖ్యము. వ్రాతను జూచి పలికినవారైనచో డకారము విడువరు. కావున ఈ పేరు కాగితము నుండి వచ్చినది కాదు, చెవి నుండి వచ్చినది. దీనిని అపభ్రంశమని తృణీకరించుట న్యాయము కాదు. పరాసు నోటి పలుకునకు ఇది మిక్కిలి సమీపమైన సాక్ష్యము.

1798 మార్చి 25వ తేదీన, నలువది దాటిన కొలది యేండ్లకే, రేమోఁ హఠాత్తుగా మరణించెను. విషప్రయోగమను వదంతి పుట్టినది గాని దానికి నిరూపణము లభింపలేదు. ఆతని స్థానమున పీరోఁ అను మరియొక పరాసు అధికారి సేనాధిపత్యము వహించెను. ఆ సంవత్సరమే సెప్టెంబరు 1వ తేదీన నిజాము ఆంగ్ల కంపెనీతో సైన్యసహకార సంధి చేసికొనెను. అక్టోబరు నెలలో కంపెనీ దళములు పరాసు సేనను చుట్టుముట్టి నిరాయుధమును గావించెను. జీతముల బకాయికై సిపాయిలు తమ యధికారులపైననే తిరుగబడి యుండుటచే ఆ కార్యము రక్తపాతము లేకయే ముగిసెను. మరుసటి యేడు శ్రీరంగపట్టణమున టిప్పుసుల్తాను పతనమయ్యెను. రేమోఁ బ్రతికి యుండినచో సంధి జరిగి యుండెడిదా, సేన లొంగి యుండెడిదా యను ప్రశ్న నాటి నుండి చరిత్రకారులను వెన్నాడుచున్నది.

ఇట్టి ప్రశ్నను చెప్పుటకు సంస్కృతమున లృఙ్ లకారము కలదు. జరుగవలసిన క్రియ జరుగక తప్పిపోవుటను పాణినీయులు క్రియాతిపత్తి యందురు. అభవిష్యత్ అను రూపమున భవిష్యత్తును దెలుపు స్యప్రత్యయమును, భూతకాలమునకు చెందిన అడాగమమును ఒక్కచోట కలిసి యున్నవి. పరాసు భాషలోని సంకేతార్థక క్రియయు ఇట్లే యేర్పడినది: భవిష్యద్రూపమునకు చెందిన అంగమునకు అసమాప్త భూతకాలపు ప్రత్యయములు చేరును. భవిష్యత్తును భూతమును ముడివేసి, జరుగని దానిని చెప్పుట రెండు భాషలకును సమానము. భేద మొక్కటి కలదు. సంస్కృతమున కారణవాక్యము ఫలవాక్యము రెండును లృఙ్‌లోనే యుండును. పరాసు భాషలో ఫలవాక్యమునకే ఈ రూపము. తెలుగున చేదర్థకము కారణవాక్యమునకు మాత్రమే చెందును. ఫలమును యుండెడిది, యుండెడివాడు అను రూపములతో తెలుపుకొందుము.

ఈ రూపముల అక్షరవిభాగమును జూచినచో రేమోఁ పేరునందలి ధర్మములే మరల కానవచ్చును. ప్రేమించు అను అర్థముగల ధాతువునకు ప్రథమపురుషైకవచనమున ప్యారిసు పలుకుబడిలో ఎమ్-రే అని రెండక్షరములు. నడిమి లఘుస్వరము లోపించును, చివరి తకారము పలుకబడదు. రేమోఁ పుట్టిన దక్షిణ ప్రాంతపు పలుకుబడిలో ఆ లఘుస్వరము నిలిచి ఎ-మె-రే అని మూడక్షరము లగును. ఏకవచన రూపములు మూడును, ప్రథమపురుష బహువచనమును వ్రాతలో వేర్వేరు హల్లులతో ముగిసినను, చెవికి ఒక్కటే. అచ్చు పరమైనచో మాత్రము లుప్తమైన తకారము మేల్కొని తరువాతి యక్షరమున చేరును. వ్యంజనము స్వరమునకు అంగమను ప్రాతిశాఖ్యకారుల సిద్ధాంతము నిచ్చట స్మరింపవచ్చును. రేమోఁ జీవించిన కాలమున ఈ ప్రత్యయములందలి స్వరమును నేటి వలె గాక ఓకార ఇకారములతో వ్రాసెడివారు. నోట ఏకారమే పలుకుచుండగా, ఫ్రెంచి అకాడమీ నిఘంటువు ఆ వ్రాతను 1835లో గాని సరిదిద్దలేదు.

ఉత్తమపురుష బహువచనమున మరియొక విశేషము కలదు. ప్రేమించు ధాతువునకు ఎ-మె-ర్యోఁ అను రూపము వచ్చును. ఇచ్చట ప్యారిసువారును లఘుస్వరమును విడువరు. విడిచినచో మకార రేఫ యకారములు మూడును ఒక్కచోట పడును. కోరు అను అర్థముగల ధాతువునకు, రేఫకు ముందే దకార ముండుటచే, వూ-ద్రి-యోఁ అని ఇకారము పూర్ణస్వరమై యకారమును వెంటబెట్టుకొనును. నీ ధాతువునకు నిన్యతుః అని యణాదేశమును, సంయోగపూర్వమైన శ్రి ధాతువునకు శిశ్రియతుః అని ఇయఙాదేశమును విధించిన పాణిని మార్గమును ఎఱిగినవారికి ఇది క్రొత్తగా తోపదు. రెండు భాషలకును సంబంధము లేని కాలములందును ఉచ్చారణ సౌకర్యము ఒకే త్రోవను కనుగొనెను.

ఉత్తమపురుషైకవచనమున భవిష్యద్రూపమునకును సంకేతార్థక రూపమునకును గల భేదము నోరు కొంచెము మూయుటలో, కొంచెము తెరచుటలో మాత్రమే యున్నది. దక్షిణ ప్రాంతమున నేడు ఆ భేదమును లోపించి, చేయుదును అనుటయు, చేసియుందును అనుటయు చెవికి ఒక్కటే యగుచున్నవి. ప్రసంగమును బట్టియే అర్థము నిర్ణయింపవలయును. ఈ వివేకము పేరుల విషయమునను అవసరమే. ధ్వని యొక్కటే యైనను మూలములు వేరు కావచ్చును.

రేమోఁ సమాధి మూసారాంబాగ్‌కు సమీపమున అస్మాన్‌గఢ్ గుట్టపై కలదు. నల్లరాతి స్తంభమొకటి ఆతని పేరునకు మొదటి వర్ణములను మాత్రము ధరించి నిలిచియున్నది. దాని ప్రక్కనున్న స్తంభమంటపము 2001లో వర్షములకు కూలి, తరువాత మరల కట్టబడినది. చిరకాలము ఆతని వర్ధంతినాడు జనులు అచ్చట ధూపదీపములు సమర్పించెడివారు. పరదేశీయుడు, పరమతస్థుడు నగు సేనానిని ఒక వర్గము రహీమనియు, ఒక వర్గము రాముడనియు పిలిచి తమవానిగా చేసికొనెను.

స్థలనామ పరిశోధకులు ఈ పేరును శుద్ధిచేయ బూని రేమండ్‌బాగ్ అని మార్చినచో, ఆంగ్ల లిపి నుండి వచ్చిన డకారము మిగులును. రెండు శతాబ్దముల క్రింద ఈ నేలపై వినబడిన పరాసు ధ్వని మాయమగును. మూసాను రాముని వేర్వేరుగా వ్యుత్పాదించినచో సేనానియే మాయమగును. కావున మూసారాంబాగ్ అను రూపమును ఉన్నదున్నట్లు నిలిపి, దాని యక్షరముల వెనుకనున్న చరితమును దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ ప్రాంతముల విద్యార్థులకు బోధించుటయే యుక్తము.