చెస్టర్ కార్ల్‌సన్: అందరూ వద్దన్న ఐడియాతో జిరాక్స్ పుట్టింది.. ఆఫీసుల్ని ఏలిన ఆ కంపెనీ ఎలా వెనకబడింది?

కాలేజీ అడ్మిషన్ అయినా, బ్యాంకు లోన్ అయినా, ఎమ్మార్వో ఆఫీసులో పని అయినా.. మన దగ్గర ముందు అడిగేది జిరాక్స్ కాపీలే. వీధి చివర జిరాక్స్ సెంటర్ అందరికీ తెలిసిందే. కానీ జిరాక్స్ అనేది ఓ అమెరికన్ కంపెనీ పేరని చాలామందికి తెలియదు. ఒకప్పుడు ప్రపంచంలోని ఆఫీసులన్నీ ఆ కంపెనీ మెషీన్ల మీదే నడిచాయి. ఇప్పుడు అదే కంపెనీ నిలదొక్కుకోవడానికి నానా తంటాలు పడుతోంది. దాని పుట్టుకకు కారణమైన మనిషి చెస్టర్ కార్ల్‌సన్. ఇంతకీ ఎవరాయన?

చిన్నప్పుడే ఇంటి బాధ్యత

కార్ల్‌సన్ 1906 ఫిబ్రవరి 8న అమెరికాలోని సియాటిల్‌లో పుట్టారు. తండ్రి బార్బర్. కీళ్ల జబ్బు, టీబీతో ఆయన మంచాన పడ్డారు. దీంతో హైస్కూల్ వయసుకే ఇంటిని పోషించే బాధ్యత చెస్టర్ మీద పడింది. 17 ఏళ్లకే తల్లిని కూడా పోగొట్టుకున్నారు. అయినా చదువు మానలేదు. 1930లో కాల్‌టెక్ నుంచి ఫిజిక్స్ డిగ్రీ తీసుకున్నారు. అది మహామాంద్యం కాలం. ఎన్నో కంపెనీలకు ఉత్తరాలు రాస్తే చివరికి న్యూయార్క్‌లోని బెల్ ల్యాబ్స్‌లో ఉద్యోగం దొరికింది. 1933లో అదీ పోయింది.

ఆ తర్వాత ఓ ఎలక్ట్రికల్ కంపెనీ పేటెంట్ విభాగంలో చేరారు. అక్కడ పేటెంట్ కాగితాలకు కాపీలు కావాలంటే పెద్ద తలనొప్పి. కార్బన్ పేపర్ పెట్టి మళ్లీ టైప్ చేయాలి, లేదంటే ఎక్కువ డబ్బు పెట్టి ఫొటో తీయించాలి. బటన్ నొక్కితే కాపీ వచ్చే మెషీన్ ఎందుకు ఉండకూడదన్న ఆలోచన ఆయనకు అక్కడే వచ్చింది. పగలు ఉద్యోగం, రాత్రి లా కాలేజీ, మిగిలిన టైమ్‌లో లైబ్రరీలో పుస్తకాలు. ప్రయోగాలు మాత్రం ఇంటి వంటగదిలోనే. గంధకం కంపుతో ఇల్లంతా నిండిపోయేది.

ఆస్టోరియా గదిలో తొలి కాపీ

1938 అక్టోబర్ 22. న్యూయార్క్ క్వీన్స్‌లోని ఆస్టోరియాలో ఓ అద్దె గది. కార్ల్‌సన్, ఆయన సహాయకుడు ఒటో కోర్నై కలిసి గంధకం పూసిన జింక్ రేకును గుడ్డతో గట్టిగా రుద్దారు. అలా రుద్దితే రేకు మీద స్టాటిక్ కరెంట్ పుడుతుంది. ఆ రోజు తేదీ, ఊరి పేరు రాసిన గాజు పలకను దాని మీద పెట్టి లైటు వేశారు. వెలుతురు పడిన చోట కరెంట్ పోయింది, అక్షరాల నీడ పడిన చోట మిగిలింది. పైన సన్నని పొడి చల్లి ఊదితే అక్షరాల దగ్గర మాత్రమే పొడి అతుక్కుంది. దాన్ని మైనపు కాగితం మీదకి ఎక్కించారు. అదే ప్రపంచంలో మొదటి జిరాక్స్ కాపీ.

కానీ దాన్ని కొనేవాళ్లే లేరు. ఐబీఎం, జనరల్ ఎలక్ట్రిక్, ఆర్‌సీఏ సహా 20కి పైగా కంపెనీలు పట్టించుకోలేదు. 1942లో పేటెంట్ వచ్చినా పరిస్థితి మారలేదు. 1944లో బాటెల్ అనే పరిశోధన సంస్థ ముందుకొచ్చింది. 1947లో రోచెస్టర్‌లో ఫొటో పేపర్ తయారు చేసే హాలాయిడ్ అనే చిన్న కంపెనీ లైసెన్స్ తీసుకుంది. ఆ కంపెనీ బాస్ జో విల్సన్ తన వ్యాపారం మొత్తాన్ని ఈ ఐడియా మీద పణంగా పెట్టారు.

914తో దశ తిరిగింది

1959లో జిరాక్స్ 914 వచ్చింది. బరువు దాదాపు 294 కిలోలు. ఒక్కోసారి వేడెక్కి కాగితం అంటుకునేది కూడా! అయితే లక్షలు పోసి కొనాల్సిన పని లేదు. నెలకు 95 డాలర్ల అద్దె, అందులో 2 వేల కాపీలు ఫ్రీ. ఆపై ప్రతి కాపీకీ చార్జీ. కాపీల అలవాటు పెరిగేకొద్దీ కంపెనీకి డబ్బు వరదలా వచ్చింది. 1961లో కంపెనీ పేరే జిరాక్స్ కార్పొరేషన్ అయింది.

కార్ల్‌సన్ కోటీశ్వరుడయ్యారు. కానీ ఆడంబరాలకు పోలేదు. వేదాంతం, జెన్ ధ్యానం మీద ఆసక్తి పెంచుకున్నారు. దాదాపు 10 కోట్ల డాలర్లు దానం చేశారు, అదీ చాలావరకు పేరు బయటకు రాకుండానే. 1968 సెప్టెంబర్ 19న న్యూయార్క్‌లో ఓ సినిమా హాల్లో సినిమా చూస్తూనే గుండెపోటుతో కన్నుమూశారు. అప్పటికి ఆయన వయసు 62.

ఆ తర్వాత ఏమైంది?

ఆయన పోయేనాటికి జిరాక్స్‌కు ఎదురే లేదు. అసలు చిక్కు అక్కడే మొదలైంది. 1970లో కంపెనీ కాలిఫోర్నియాలో పార్క్ అనే పరిశోధన కేంద్రం పెట్టింది. 1973లో అక్కడ ఆల్టో అనే కంప్యూటర్ తయారైంది. మౌస్, స్క్రీన్ మీద విండోలు, కంప్యూటర్లను కలిపే ఈథర్‌నెట్.. ఇవన్నీ అక్కడ ఉన్నాయి. కానీ కాపీల ఆదాయానికి అలవాటు పడిన పెద్దలు వాటిని సకాలంలో మార్కెట్‌లోకి తేలేదు. 1979లో స్టీవ్ జాబ్స్ వచ్చి చూసి వెళ్లారు. 1984లో యాపిల్ మెకింతోష్ జనంలోకి వచ్చింది. అక్కడ తయారైన వాటిలో జిరాక్స్‌కు బాగా డబ్బు తెచ్చింది లేజర్ ప్రింటర్ ఒక్కటే.

మరోవైపు 1975లో అమెరికా ప్రభుత్వంతో కుదిరిన ఒప్పందం ప్రకారం పేటెంట్లను పోటీ కంపెనీలకు కూడా ఇవ్వాల్సి వచ్చింది. జపాన్ నుంచి రికో, కేనన్ చిన్న మెషీన్లు దిగాయి. జిరాక్స్‌కు మెషీన్ తయారీకి అయ్యే ఖర్చుకే వాళ్లు ఏకంగా అమ్మేస్తున్నారని 1980ల మొదట్లో తేలింది. క్వాలిటీ మీద దృష్టి పెట్టి కొంత కోలుకున్నా పాత వైభవం రాలేదు. 2000 నాటికి దివాలా అంచుకు వెళ్లింది. లెక్కల్లో తేడాల కేసులో 2002లో కోటి డాలర్ల జరిమానా కట్టింది. 2001లో సీఈఓ అయిన యాన్ మల్కాహీ అప్పట్లో గట్టెక్కించారు. కానీ ఈమెయిల్, పీడీఎఫ్ వచ్చాక కాగితం వాడకమే తగ్గింది. 2017లో కంపెనీ రెండుగా చీలింది. 2018లో ఫ్యూజీఫిల్మ్‌తో విలీనం కుదరలేదు. 2024 మొదట్లో 15 శాతం ఉద్యోగాల కోత ప్రకటించింది.

అప్పట్లో పెద్ద కంపెనీలు కార్ల్‌సన్ ఐడియాను కాదన్నాయి, ఎందుకంటే వాళ్ల వ్యాపారం బాగానే నడుస్తోంది. తర్వాత జిరాక్స్ కూడా సరిగ్గా అదే చేసింది, తన సొంత ఇంజినీర్ల విషయంలో. అదృష్టమో ఏమో, అది చూడటానికి కార్ల్‌సన్ లేరు. ఇక మన ఊళ్లలో షాపు లోపల కేనన్ మెషీన్ ఉన్నా, క్యోసెరా ఉన్నా, బయట బోర్డు మీద మాత్రం ఇప్పటికీ జిరాక్స్ అనే ఉంటుంది.