పక్కవాద్యానికి పెద్దపీట వేసిన ఫిడేలు నాయుడుగారు

మా కంచన్‌బాగ్‌లో సాయంత్రం క్వార్టర్సు మధ్య నడుస్తుంటే ఏదో ఒక ఇంట్లోంచి కీబోర్డు వినిపిస్తూనే ఉంటుంది. పియానో కొనలేం కదా, కీబోర్డుతో సరిపెట్టుకుంటున్నాం. మొన్న పక్కింటావిడ ఒక మాట అడిగింది. పాట పాడకుండా, ఉత్త వాద్యంతోనే కచేరీలు చేసి పేరు తెచ్చుకున్న తెలుగువాళ్లు ఎవరున్నారని. నాకు వెంటనే ద్వారం వెంకటస్వామినాయుడుగారు గుర్తొచ్చారు. ఆయనది పియానో కాదు, అదే తెల్లదొరల దేశం నుంచి వచ్చిన ఫిడేలు.

పియానో మన కచేరీల్లో ఇమడలేదెందుకో తెలుసా? దాని మెట్లు ఎక్కడివక్కడే. ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారడానికి వీల్లేదు. మన సంగీతానికి ఆ జారుడే, ఆ గమకమే ప్రాణం. ఫిడేలుకి మెట్లే లేవు, వేలు ఎక్కడికి జరిపితే అక్కడ పలుకుతుంది. అందుకే 1800 ప్రాంతంలో ముత్తుస్వామి దీక్షితర్ తమ్ముడు బాలుస్వామి దీక్షితర్ నేర్చుకున్నది మొదలు, అది మన ఇంటిపిల్ల అయిపోయింది. వాళ్లు నిలబడి గడ్డం కింద పెట్టుకుంటే, మనం చక్కగా చాప మీద కూర్చుని కొసని కాలి చీలమండ దగ్గర ఆనించుకున్నాం. తీగల శ్రుతి కూడా మన షడ్జమ పంచమాలకి మార్చుకున్నాం.

అంతా బాగానే ఉంది కానీ, దాని చోటు మాత్రం పక్కనే! పాడేవారి వెనకాలే నీడలా నడవాలి. వాళ్లు ఊపిరి తీసుకున్నప్పుడు ఆ ఖాళీ నింపాలి. ఎంత విద్వత్తు ఉన్నా వాళ్లు అవకాశమిచ్చినప్పుడే చూపించాలి, అదీ వాళ్లని మించకుండా. ఇల్లు నడిపే మనబోటివాళ్లకి ఆ అవస్థ వేరే చెప్పక్కర్లేదనుకోండి.

నాయుడుగారు 1893 నవంబరు 8న బెంగుళూరులో పుట్టారు, పెరిగింది విశాఖపట్నంలో. తండ్రి సైన్యంలో పనిచేశారు. చిన్నప్పటి నుంచీ చూపు మందం. చదువు సాగదనుకున్న పిల్లాడికి అన్నగారు వెంకటకృష్ణయ్యగారు ఫిడేలు నేర్పారు. కళ్లు చేయలేని పని చెవులు చేశాయి.

1919లో విజయనగరంలో మహారాజా వారు సంగీత కళాశాల పెట్టారు. హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసుగారే మొదటి ప్రిన్సిపాల్. అందులో విద్యార్థిగా చేరదామని వెళ్లిన నాయుడుగారి వాద్యం విని, పాఠం చెప్పే ఉద్యోగమే ఇచ్చారని చెప్పుకుంటారు. అప్పటికాయనకి పాతికేళ్లు దాటాయంతే! 1936లో నారాయణదాసుగారి తర్వాత ఆయనే ప్రిన్సిపాల్ అయ్యారు. ఘంటసాల, పి.సుశీల ఇద్దరూ ఆ కళాశాలలో చదువుకున్నవాళ్లే.

అసలు సాహసం 1938లో వెల్లూరులో చేశారు. గాత్రం లేకుండా ఫిడేలుతో సోలో కచేరీ! కచేరీ అంటే సాహిత్యం కూడా వినాలనుకునే రోజులవి. మాట లేకుండా అంతసేపు జనాన్ని కూర్చోబెట్టడం తేలికా? ఆయన కమాను నిడివిగా, మెత్తగా లాగితే తీగ పాడినట్టే ఉండేది. పాత రికార్డింగులు దొరికితే వినండి. వేగం చూపించి చప్పట్లు కొట్టించుకోవాలన్న తాపత్రయం ఎక్కడా కనిపించదు. నాకైతే ఆ నిదానమే ఇష్టం. పాశ్చాత్య సంగీతం కూడా శ్రద్ధగా విని, వాళ్ల కమాను పనితనంలో మనకి పనికొచ్చేది తీసుకున్నారు. రాగం మాత్రం మనదే.

1941లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి బిరుదు ఇచ్చింది. పక్కన కూర్చునే వాద్యానికి ఆ గౌరవం అంటే మాటలా! తర్వాత 1953లో సంగీత నాటక అకాడమీ అవార్డు, 1957లో పద్మశ్రీ వచ్చాయి. జనం మాత్రం ఆయన్ని ఫిడేలు నాయుడుగారనే పిలుచుకున్నారు.

1952లో ప్రపంచ ప్రఖ్యాత వయొలిన్ విద్వాంసుడు యెహుది మెనూహిన్ మన దేశం వచ్చినప్పుడు, మద్రాసులో జస్టిస్ పి.వి.రాజమన్నారుగారి ఇంట్లో నాయుడుగారి వాద్యం విని ముగ్ధుడయ్యాడు. ఫిడేలు పుట్టిన గడ్డ మీది సంగీతంలో ఆరితేరిన మనిషి, అదే ఫిడేలు చాప మీద కూర్చుని వేరే భాష మాట్లాడుతుంటే విన్నాడన్నమాట. ఆ ఏడాదే ఢిల్లీలో అంధుల సహాయ సంఘం కోసం నాయుడుగారు కచేరీ చేశారు. చూపు కష్టం తెలిసిన మనిషి కదా.

1964 నవంబరు 25న ఆయన కన్నుమూశారు. శతజయంతి సంవత్సరం 1993లో తపాలా శాఖ ఆయన బొమ్మతో స్టాంపు వేసింది. కొడుకు భావనారాయణరావుగారితో పాటు కూతురు మంగతాయారుగారికీ ఆయన ఫిడేలు నేర్పారు. ఆవిడ తండ్రి బాణీలోనే, తండ్రిలాగే వేదిక మధ్యలో కూర్చుని సోలో కచేరీలు చేశారు.